మామ బీటులో లేనప్పుడు

ఆత్మకూరు,
జూన్ 9, 2025

మామా,

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. ఫోనులో తిన్నారా, పడుకున్నారా అన్నంత వరకే మాట్లాడాలి, అసలు సంగతులు ఉత్తరంలో రాయాలి, ఉత్తరంలో అబద్ధం రాయకూడదు. నువ్వు పెట్టిన ఈ రూలు ప్రకారమే కూర్చుని రాస్తున్నాను. "ఇంట్లోవాళ్లే ఉత్తరాలు రాయకపోతే నేను ఏ మొహం పెట్టుకోని టపా సంచి మోసేది?" అని నువ్వు అడిగినప్పటి నుంచి నెలకొకటి తప్పించలేదు. ఆఫీసులో చెబితే నవ్వుతారని చెప్పను.

నా పని ఏమిటని పోయినసారి అడిగావు. కాలువ తూముల దగ్గర మా కంపెనీ కెమెరా పెట్టెలు పెడుతోంది. నీటిమట్టం చూపే బద్దను కెమెరా ఫోటో తీస్తుంది. పెట్టెలో ఉన్న కంప్యూటరు ఆ ఫోటో చదివి, నీళ్లు ఇన్ని అడుగులున్నాయని రైతులకు మెసేజి పంపుతుంది. కెమెరాకూ కంప్యూటరుకూ మాట కలిపే ప్రోగ్రాము నేను రాస్తాను. దాన్ని డ్రైవర్ అంటారు. అమ్మ ఇప్పటికీ నేను ఏదో బండి నడుపుతున్నాననే అనుకుంటోంది.

కెమెరా తన ఫోటోను కంప్యూటరు మెమరీలో తనే తీసుకెళ్లి పెట్టేస్తుంది. కానీ మెమరీలో అసలు చోట్లు దానికి తెలియవు. మేము దానికి ఉత్తుత్తి అడ్రసులు ఇస్తాం. మధ్యలో ఒక యూనిట్ కూర్చుని, ఈ అడ్రసంటే ఫలానా చోటు అని సరిచూసి పంపుతుంది. తనది కాని చోటికి పోబోతే ఆపుతుంది కూడా. అచ్చం నువ్వే. నేను కవరు మీద "మా మామకు, కొండకింద పల్లె" అని మాత్రం రాస్తాను, నీకు చేరుతుంది కదా.

ఈ నెల ఒక తలనొప్పి ఉంది. అనంతసాగరం వైపు పెట్టిన ఆరు పెట్టెలు అరగంట బాగా పనిచేసి, ఆ తర్వాత రైతులకు "కాలువలో నీటిమట్టం 41,207 అడుగులు" అని మెసేజి పంపి మూగబోతున్నాయి. ఒక రైతు ఫోన్ చేసి, "అమ్మా, అంత నీళ్లుంటే మేము యాడ ఉండామో చెప్పు" అన్నాడు. వాటిని బిగించింది డేవిడ్‌రాజు అని అక్కడి మనిషి. తీగలు వదులుగా బిగించి ఉంటాడు. నా బల్ల మీది బోర్డులో నా డ్రైవర్ మూడు నెలలుగా ఒక్కసారి కూడా ఆగలేదు. అందుకని రిపోర్టులో "వైరింగ్ మీద అనుమానం" అని రాసి పంపేశాను.

నీ సైకిలుకు కొత్త బ్రేకులు వేయించావా?

సారా


కొండకింద పల్లె, ఉదయగిరి మండలం,
జూన్ 27, 2025

సారా,

ఇక్కడ మేమూ మేకలూ క్షేమం. నీ ఉత్తరం కొంచెం ఆలస్యంగా అందింది. వానలు కదా.

ఇంటింటికీ ఉత్తరాలిచ్చే నా బీటు ఎప్పటిలాగే నడుస్తోంది. ఊరంతా నన్ను చూసి గడియారం దిద్దుకుంటోంది. ముప్పై ఏడేళ్లలో ఈ యేసురత్నం చేతి మీదుగా ఒక్క ఉత్తరం తప్పు గుమ్మంలో పడలేదు. వచ్చే మార్చికి నాకు అరవై ఐదు నిండుతాయి. ఆ తర్వాత ఈ ఊరి గతి ఏమిటని ఆలోచిస్తే అన్నం సయించదు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులతో కూడా ఈ మాట అన్నాను.

నీ కంప్యూటరులో నాలాంటివాడు ఒకడున్నాడని రాశావు. చదివి మీ అత్తకు రెండుసార్లు వినిపించాను. ఆమె "అయితే దానికీ మోకాళ్ల నొప్పులుంటాయి" అంది. ఆమెకు యంత్రాల సంగతి తెలియదు.

డేవిడ్‌రాజు తీగలు వదులుగా బిగించాడని రాశావు. నువ్వు వెళ్లి చూశావా? ఆత్మకూరు నుంచి అనంతసాగరం ఎంత దూరమని?

సైకిలు సంగతి తర్వాత రాస్తాను.

యేసురత్నం


ఆత్మకూరు,
జూలై 2, 2025

మామా,

వానలా? జూన్ నెలంతా మా మిద్దె మీద వడియాలు ఎండాయి. మీ కొండకు వేరే ఆకాశం ఏమైనా ఉందా?

నువ్వు పెట్టిన రూలు నువ్వే తప్పావు. నిన్న పెంచలమ్మ పెద్దమ్మ ఫోన్ చేసింది. "సారా, నీ ఉత్తరం మా ఇంటికొచ్చినాది. కవరు మీద మామ అని ఉండాది, ఊళ్లో సగంమంది మా ఆయన్ను మామ అనే పిలస్తారు గదా, ఆయనకే అనుకోని చింపినాం. చదివినాక తెలిసినాది మనది గాదని. ఐనా అంతా చదివినాం. ఆ నలభై ఒక్క వేల అడుగుల నీళ్లు మా చేనుకు ఎప్పుడొస్తాయి?" అంది. పదకొండు రోజులు ఆ ఉత్తరం వాళ్లింట్లో బియ్యం డబ్బా మీద ఉందట. వాళ్ల వీధి వాళ్లు కూడా చదివారని చెప్పింది.

నా చేతిరాత నువ్వు చూస్తే ఆ ఉత్తరం బియ్యం డబ్బా దాకా పోదు. అంటే ఆ రోజు సంచి విప్పింది నువ్వు కాదు. సంచి ఎవరు విప్పారు? నువ్వు ఎక్కడున్నావు? అత్తను ఫోనులో అడిగితే "మీ మామ ఇంట్లోనే ఉన్నాడు" అంది. పొద్దున పదకొండింటికి నువ్వు ఇంట్లో ఉండడం నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు.

డేవిడ్‌రాజు సంగతి మళ్లీ రాస్తాను. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

సారా


కొండకింద పల్లె,
జూలై 8, 2025

సారా,

నిజం రాస్తున్నాను, మీ అమ్మకు చదివి వినిపించకు. నా ఎడమ కాలు విరిగింది. మే నెలాఖరులో. సైకిలు తొక్కుతూ పడి ఉంటే చెప్పుకోవడానికి గౌరవంగా ఉండేది. స్టాండు వేసిన సైకిలు మీద కూర్చుని, "నేను లేకపోతే ఈ ఊరికి ఉత్తరమనేది చేరదు" అని ఊరి పెద్దమనిషి రాజమోహన్ గారికి వివరిస్తుండగా స్టాండు జారింది.

సెలవు పెడితే మా బీటుకు బదులు మనిషిని మేమే చూపించాలి. శీనయ్యను చూపించాను. నీకు గుర్తుందా, బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. నిక్కచ్చి మనిషి. అదే కొంప ముంచింది. మా ఊళ్లో ప్రతి తలుపు మీదా మూడు నంబర్లున్నాయి. మూడుసార్లు జనాభా లెక్కలకు వచ్చినవాళ్లు సున్నంతో ఒకటి, ఎర్రరంగుతో ఒకటి, నీలంరంగుతో ఒకటి రాసిపోయారు. ఒక్కో ఇంటివాళ్లు అడ్రసులో ఒక్కో నంబరు రాయించుకుంటారు, ఏ ఉత్తరానికి ఏ రంగో నాకు తెలుసు. శీనయ్య అన్నిటికీ నీలమే చూశాడు, అది కొత్తగా మెరుస్తోంది కాబట్టి. అడిగితే, "నంబరు జూసినాను, ఇచ్చినాను. టికెట్టు మీద సీటు ఉండాది, కూచోబెట్టినాను. మనిషి ఎవరైతే నాకేంది?" అంటాడు.

రాజమోహన్ గారి కళ్లద్దాల పార్సిలు రోశమ్మ టీ అంగడికి పోయింది. ఆమె పెట్టుకుని చూసింది. సరిపోయాయి. ఇప్పుడు, "ఇన్నేళ్లకు చక్కెర, ఉప్పు విడివిడిగా కనబడతా ఉండాయి, నేనియ్యను" అంటోంది. రాజమోహన్ గారు పన్నెండు రోజుల తర్వాత గానీ నా అద్దాలేవని అడగలేదు. అందాకా అంతా సవ్యంగా ఉందనే అనుకున్నాం. తప్పు ఇంట్లో పడ్డ ఉత్తరం ఆ రోజే అరవదమ్మా, అదే చిక్కు.

నేను మంచం మీద నుంచి శీనయ్యను వారం రోజులు తిట్టాను. నా కాలు సంగతి పైవాళ్లకు తెలిస్తే మార్చి దాకా కూడా ఉంచరేమోనని భయం. నీకు అందుకే రాయలేదు. తర్వాత మీ అత్త ఒక మాట అంది. "ఏ రంగు ఎవురిదో ముప్పై ఏడేళ్లలో ఒక్క కాయితం మీదైనా రాసిపెట్టినావా?" అంది. రాయలేదు. రాస్తే నేనెందుకు?

ఇప్పుడు ఒక ఏర్పాటు చేశాను. ఖాయంగా తెలిసినవి శీనయ్య నేరుగా ఇస్తాడు. కాస్త అనుమానం ఉన్నా ఏ గుమ్మంలోనూ వెయ్యడు. నా మంచం కింద ట్రంకు పెట్టె ఉంది, అన్నీ అందులోకే. సాయంత్రం నేను చూసి ఇల్లు చెబుతాను, మర్నాడు ఇస్తాడు. ఒక రోజు ఆలస్యం, కానీ తప్పు పోదు. పెట్టె నిండితే ఇంక తీసుకోను, ఉదయగిరి పోస్టాఫీసులోనే ఉంచమంటాను.

ఇంతకీ నాదొక ప్రశ్న. నీ పెట్టెల్లో నాలాంటివాడు ఉన్నాడని రాశావు. ఉన్నాడో లేడో మీ డ్రైవర్ అడుగుతుందా, లేక ఉన్నాడనుకుని పోతుందా?

యేసురత్నం


ఆత్మకూరు,
జూలై 17, 2025

మామా,

నీ కాలు సంగతి అమ్మకు చెప్పేశాను. ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చింది. ఆదివారం వస్తోంది, పచ్చళ్లతో సహా.

నీ ప్రశ్న చదివి రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడో రోజు షేరు ఆటో ఎక్కి అనంతసాగరం వెళ్లాను. డేవిడ్‌రాజు తూము మీదికి ఎక్కి పెట్టె తెరిచాడు. అందులో తీగలు చూస్తే నాకు సిగ్గేసింది. మామా, మా ఇంట్లో కరెంటు తీగలకు కూడా అంత శ్రద్ధ లేదు. ఒక్కొక్క మరకు రంగుచుక్క పెట్టాడు, ఎక్కడైనా తిరిగితే తెలియాలని. "పదకొండు సార్లు ఇప్పి బిగిచ్చినానమ్మా. ఇంగేం జెయ్యాలో చెప్పు, అదీ జేస్తా" అన్నాడు.

తర్వాత బోర్డు చూశాను. నా బల్ల మీద ఉన్నది పెద్ద చిప్పు. అక్కడికి పంపినవి చిన్న చిప్పు బోర్డులు. వాటిల్లో ఆ యూనిట్ లేనే లేదు. నీ భాషలో చెప్పాలంటే బీటులో మామ లేడు. నా డ్రైవర్ "యూనిట్ ఎక్కడ?" అని అడుగుతుంది. ఖాళీ జవాబు వస్తుంది. ఆ జవాబు ఖాళీనా అని చూసే ఒక్క వరుస నేను రాయలేదు. ఉత్తుత్తి అడ్రసులనే నిజం అడ్రసులనుకుని కెమెరా చేతికిచ్చేశాను. మొదటి అరగంట ఆ రెండూ అదృష్టం కొద్దీ కలిశాయి, తర్వాత అది నీలంరంగు చూసుకుంటూ పోయి ఫోటోలు ఎక్కడ పడితే అక్కడ పెట్టింది. ఒకటి పోయి అడుగుల లెక్క ఉండే చోట పడింది. అదే ఆ 41,207.

మన్నించు, నీ ట్రంకు పెట్టెను దొంగిలించాను. ఇప్పుడు డ్రైవర్ నిద్ర లేవగానే మొదట అడుగుతుంది. యూనిట్ ఉంటే పాత పద్ధతే. ఇంకా సిద్ధం కాలేదంటే కాసేపు ఆగి మళ్లీ అడుగుతుంది. మామ లేడు, మామ ఇంకా టీ తాగి రాలేదు అనేవి రెండూ ఒకటి కాదు కదా. అసలే లేదంటే మెమరీలో ముందే పట్టి ఉంచిన ఒకే ఒక్క చోటును, దాని అసలు అడ్రసుతో, కెమెరాకు ఇస్తాం. ప్రతి ఫోటో ముందు అక్కడికే రావాలి. ఆపేవాడు లేడు కాబట్టి ఫోటో ఆ చోటు దాటి పొంగకుండా కొలత కూడా మేమే చూసుకోవాలి. అక్కడి నుంచి కంప్యూటరు తీసుకుని కావలసిన చోటికి చేరుస్తుంది. కాస్త నెమ్మది. ఆ చోటు కూడా దొరకకపోతే కెమెరాను ఆపి, తీసుకున్నవన్నీ తిరిగి ఇచ్చేసి, నావల్ల కాదని రాసి కూర్చుంటుంది. మిగతా పెట్టె మాత్రం బతికే ఉంటుంది.

డేవిడ్‌రాజు పక్కనే నిలబడి ఒక పెట్టెలో వేసి చూశాను. సాయంత్రం దాకా నాలుగు అడుగుల రెండు అంగుళాలు అనే చెప్పింది. అతను బద్ద దగ్గరికి దిగి కళ్లారా చూసి వచ్చి, "రైటే" అన్నాడు.

ఇప్పుడు నీకు రాయనిది రాస్తున్నాను. నా రిపోర్టు చూసి మా వాళ్లు ఈ నెలాఖరు నుంచి అతన్ని పనికి రావద్దన్నారు. ఆ సంగతి నాకు నీ రెండో ఉత్తరం అందేనాటికే తెలుసు. కొత్త డ్రైవర్‌ను చడీ చప్పుడు లేకుండా పంపేస్తే పెట్టెలు బాగైపోతాయి. నా తప్పని ఎవరికీ తెలియదు. కానీ అతని పని పోతుంది. చెబితే నాది పోవచ్చు, చేరి ఏడాది కూడా కాలేదు. నాకు భయంగా ఉంది మామా.

సారా


కొండకింద పల్లె,
జూలై 20, 2025

సారా,

మీ అమ్మ నా కట్టు మీద నిమ్మకాయ పచ్చడి ఒలకబోసింది. కట్టు పసుపుపచ్చగా అయింది. అది వేరే సంగతి.

నిన్న నన్ను కుర్చీతో సహా రోశమ్మ అంగడికి మోసుకెళ్లమన్నాను. పదిమందీ టీకి చేరే వేళ. "శీనయ్య తప్పు జెయ్యలా. రంగుల సంగతి నేనెవురికీ చెప్పలా. చెప్పితే నాకు ఇలవ పోతాదనుకున్నా. అతన్ని మీరు అన్న మాటలన్నీ నావి" అన్నాను. శీనయ్య, "ఈ మాట మొదట్లోనే చెప్పుంటే ఒక ట్రిప్పు మిగిలేది గదన్నా" అన్నాడు. రోశమ్మ అప్పుడు కూడా అద్దాలు ఇవ్వలేదు.

నీకు సలహా అక్కర్లేదు. నెలాఖరుకు పదకొండు రోజులున్నాయి. ఈ ఉత్తరం అందిన రోజే రాయి.

యేసురత్నం


ఆత్మకూరు,
ఆగస్టు 2, 2025

మామా,

రాశాను. "వైరింగ్ మీద అనుమానం అని నేను చూడకుండా రాసింది తప్పు. లోపం నా డ్రైవర్‌లో ఉంది, డేవిడ్‌రాజు పనిలో లేదు" అని, సరిచేసిన డ్రైవర్‌తో కలిపి మా పైఅధికారికి పంపాను. ఒక రోజంతా జవాబు లేదు. ఆ రోజు నేను అన్నం బదులు గోళ్లు తిన్నాను. మర్నాడు మీటింగు పెట్టారు. చిన్న చిప్పు బోర్డు ఒకటి నా బల్ల మీదికి ఎందుకు పంపలేదని వాళ్లలో వాళ్లే అరగంట పోట్లాడుకున్నారు. నేను మధ్యలో చెయ్యి ఎత్తి, "తప్పు నాదని చెప్పాను కదండీ" అంటే, "నువ్వు ఆగమ్మా" అన్నారు. ఆఖరికి నాకు చీవాట్లు పెట్టి వదిలేశారు. నా తర్వాత రాసేవాళ్లందరూ యూనిట్ లేని బోర్డు మీద కూడా నడిపి చూడాలని కొత్త రూలు వచ్చింది. ఆఫీసులో దానికి నా పేరే పెట్టి పిలుస్తున్నారు, గౌరవంతో మాత్రం కాదు.

డేవిడ్‌రాజును పనిలో ఉంచారు. ఆరు పెట్టెలూ బుద్ధిగా ఉన్నాయి. ఎక్కడైనా యూనిట్ లేకపోతే డ్రైవర్ తన డైరీలో ఒక వరుస రాస్తుంది: "మామ బీటులో లేడు, ట్రంకు పెట్టె వాడుతున్నాను." ఆఫీసులో దాన్ని ఇంగ్లీషులోకి మార్చమన్నారు. మార్చాను, కానీ అసలు వరుస ఇదే.

ఈ కవరు మీద మొదటిసారి నీ పేరు, నీలంరంగు నంబరు, పిన్‌కోడు అన్నీ రాశాను. నంబరు అత్తను అడిగి తెలుసుకున్నాను. కోపగించుకోకు.

సారా


కొండకింద పల్లె,
ఆగస్టు 6, 2025

సారా,

కోపం వచ్చింది. నీ ఉత్తరం రెండో రోజే వచ్చేసింది. శీనయ్య గుమ్మంలో నిలబడి మొత్తం అడ్రసు బస్టాండులో అరిచినట్టు చదివాడు. నేను మంచం మీద నుంచి, "ఆ నంబరు మాది గాదు, తీసకపో" అన్నాను. అతను తలుపు చూపించాడు. నీలంరంగులో అదే ఉంది. ఊరందరి నంబర్లు ముప్పై ఏడేళ్లు మోసినవాడికి తన నంబరు తెలియదు. నాకు నేను ఎన్నడూ ఉత్తరం ఇచ్చుకోలేదు కదా. శీనయ్య, "దిగన్నా, నీ స్టాపు ఇదే" అన్నాడు. మీ అత్త ఇంకా నవ్వుతూనే ఉంది.

ఒక నోటుబుక్కు కొన్నాను. ఇంటింటికీ మూడు రంగుల నంబర్లు, పేరు, ముద్దుపేరు, ఏ కుక్క కరుస్తుంది, అన్నీ రాస్తున్నాను. మొదటి పేజీలో పైన "నేను లేనప్పుడు" అని రాసి అక్కడే గంటసేపు ఆగిపోయాను. తర్వాత కుదిరింది. శీనయ్య పక్కన కూర్చుని తప్పులు పడుతున్నాడు. కట్టు వచ్చే వారం తీస్తారు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పైఅధికారికి రాశానన్నావు, మీటింగులో చెప్పానన్నావు. డేవిడ్‌రాజుకు ఏం చెప్పావో అందులో లేదు. పదకొండు సార్లు విప్పి బిగించినవాడికి నీ రిపోర్టులో ఏముందో తెలుసా? ఆఫీసుకు రాసింది ఆఫీసుకే చేరుతుందమ్మా. అతనికి వేరే రాయి. అడ్రసు సరిగా కనుక్కుని రాయి.

యేసురత్నం


అనంతసాగరం,
ఆగస్టు 10, 2025

మామా,

ఇది డేవిడ్‌రాజు ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. అతని అడ్రసు కనుక్కుందామని మొన్న ఫోన్ చేస్తే, "మా ఇంటికి నంబరు యాడిదమ్మా, మూడు లెక్కల్లోనూ మమ్మల్ని రాసుకోలా" అన్నాడు. అందుకని ఉత్తరం రాసి, కవరులో పెట్టి, అంటించి, నేనే తెచ్చాను.

అతను గుమ్మంలో నిలబడి చదివాడు. అతన్ని రావద్దన్నది ఎవరి మాట మీదో, ఆ మాట నేను చూడకుండా ఎందుకు రాశానో, అన్నీ అందులో ఉన్నాయి. చదివినంతసేపూ నా వైపు చూడలేదు. అయిపోయాక ఇంకోసారి మొదటి నుంచి చదివాడు. "నేనే ఏదో జేసుంటాననుకోని మా ఇంట్లో కూడా చెప్పుకోలా" అన్నాడు. నేను ఏడ్చాను. అతను ఏడవలేదు. ఉత్తరాన్ని మడిచి, లోపలికెళ్లి బైబిల్లో పెట్టి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"నా పేరు మీద ఉత్తరం రావడం ఇదే మొదలమ్మా. సంతకం యాడ బెట్టాల?" అన్నాడు.

నా దగ్గర ఏ కాగితమూ లేదు మామా. అరచెయ్యి చాపాను. పెన్ను తీసి, నెమ్మదిగా, పూర్తి పేరు పెట్టాడు.

సారా